రెండో అంతస్తులో ఆవు

మదనపల్లెలో ఒక సర్కారు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు రికార్డు రూము చూసుకున్నాను. ఏ ఆఫీసో చెప్పను, చెప్తే వాళ్ళకూ నామర్దా, నాకూ నామర్దా. ఆ ఇరవై రెండేళ్ళలో నా చేతిలో ఒక్క ఫైలు పోలేదు. ఆఫీసర్లు మారారు, బీరువాలు మారాయి, ఎలుకల్లో ఎన్ని తరాలు మారాయో లెక్కే లేదు. "ఫలానా ఫైలు యాడుండాదమ్మా?" అని ఎవరైనా అడిగితే తల కూడా ఎత్తకుండా చెప్పేదాన్ని: మూడో ర్యాకు, కింది అర, ఎడమ నుంచి ఆరోది, తాడు తెగింది, జాగ్రత్త. అలాంటి ఉద్యోగాన్ని వదులుకుని, గృహప్రవేశాలకు ఆవును అద్దెకు పంపే వ్యాపారం పెట్టాను. నవ్వండి. మదనపల్లె మొత్తం నవ్వింది, మీరొక్కరూ బిగబట్టుకోవడం దేనికి?

ఆ ఆలోచన ఊరికే రాలేదు. మా ఆఫీసులో ఒకాయన బెంగళూరు రోడ్డు పక్కన ఒక ఫ్లాటు కొని, గృహప్రవేశానికి అందరినీ పిలిచాడు. ఇంట్లోకి ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా, ఎవరిదో సీమ ఆవును తోలుకొచ్చారు. అది గేటంత ఉంది. మొదటి మెట్ల వరస ఎక్కింది, మలుపులో ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. దాని వెనక కలశం పట్టుకున్న ఇంటామె, ఆమె వెనక అయ్యవారు, ఆయన వెనక మా ఆఫీసు స్టాఫంతా. ముహూర్తం దాటిపోతోంది. చివరికి అయ్యవారు, "తల ఇంటివైపే ఉంది కాబట్టి ప్రవేశం అయినట్టే" అని తేల్చి మంత్రాలు అందుకున్నాడు. పట్టుచీరలు కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళమంతా ఆ ఆవు తోకకు దండం పెట్టి వెనక్కి తిరిగాము.

ఆ తోకకు దండం పెడుతూండగా నాకు మా మేనత్త ఇంటి ఆవు గుర్తొచ్చింది. మేనత్త అంటే మా ఆయన తల్లి, నేను మేనబావనే చేసుకున్నాను. వాళ్ళది పుంగనూరు పక్క పల్లె. అసలైన పుంగనూరు ఆవు, నిలబడితే నా నడుము దాకా రాదు. దాని దూడను చంకలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. ఈ జిల్లాలో అందరూ మేడలు కడుతున్నారు, అందరి మెట్లూ ఇరుకే, అందరికీ ఆవు కావాలి. ఇంత తెలివైన ఆలోచన నాకెలా వచ్చిందా అని ఆ పూట భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

మా బావకు మార్కెట్ యార్డు దగ్గర గోతాల అంగడి ఉంది. పాత గోతాలు కొని, చిల్లులు కుట్టి, మళ్ళీ అమ్ముతాడు. టమోటాలు ప్లాస్టిక్ క్రేట్లలోకి మారినప్పటి నుంచి ఆ అంగడిలో ఈగలకు కూడా పని లేదు. ఇల్లు నడిచేది నా జీతంతో. అందుకే నేను సంగతి చెప్పగానే కుట్టే సూది అలాగే పట్టుకుని నా ముఖం చూశాడు.

"ఏమ్మే, ఈ ఇంట్లో యాపారం సేసి సెడిపోయేదానికి నేనొకన్ని సాలదా?"

నాకు కోపం ఒక్క అడుగు దూరంలోనే ఉంటుంది ఎప్పుడూ. "నువ్వు చెడిపోయింది యాపారం వల్ల కాదు బావా, బద్ధకం వల్ల" అన్నాను. అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి ఒక షరతు పెట్టాడు.

"ఉజ్జోగం మానేదానికి మూడు నెలల నోటీసుండాది గదా. ఆ లోపల నీ ఆవు యాడన్నా పరువు తీసిందంటే, నోరెత్తకుండా పోయి నీ కుర్సీలో కూసోవాల. సరేనా?"

సరే అన్నాను. స్వచ్ఛందంగా తప్పుకుంటానని దరఖాస్తు పెట్టి, ఉన్న సెలవులన్నీ వాడుకుంటూ, మేనత్త దగ్గర ఆవునూ దూడనూ తెచ్చుకుని పనిలో పడ్డాను. గడువు ముగిసేది ఒక సోమవారం. ఆ రోజు ఆఫీసు మూసేలోపల ఆర్డరు మీద సంతకం పడితే నేను స్వతంత్రురాలిని. పడకపోతే దరఖాస్తు చెల్లదు, మరుసటి రోజు నుంచి మళ్ళీ ఎలుకలూ నేనూ.

మొదటి పిలుపు పుంగనూరులోనే వచ్చింది. ఊరి పేరే ఆవుకు పెట్టిన ఊళ్ళో నా ఆవును ఎవరు చూస్తారనుకున్నాను, కానీ ఊళ్ళో ఆవులకంటే మేడలెక్కువ అయిపోయాయి. మా ఆవు టకటకా మెట్లెక్కింది. మెట్ల పక్క కమ్ములకు కట్టిన మామిడాకుల తోరణాన్ని ఒక కొస నుంచి మరో కొస దాకా తినేసింది. నేను కొయ్యబారిపోయాను. ఇంటివాళ్ళు మాత్రం ఆనందంతో ఊగిపోయారు. ఆ తర్వాత హాలు మధ్యలో పేడ వేసింది. ఇంటి పెద్దాయన చప్పట్లు కొట్టాడు, ఆడవాళ్ళు హారతి ఇచ్చారు. చేసింది ఎంత చెత్త పనైనా చప్పట్లు కొట్టించుకునే ఉద్యోగం, మా ఆఫీసరు తర్వాత మా ఆవుకే దక్కింది.

నేను వ్యాపారాన్ని ఆఫీసు మాదిరే నడిపాను, నాకు వేరే పద్ధతి తెలియదు. "ఆవు రాకపోకల రిజిస్టరు" అని అట్ట మీద రాసి గీతలు గీశాను. ఆవు ముట్టిన తేదీ, దూడ ముట్టిన తేదీ, ముట్టినప్పుడు ఆవు పరిస్థితి, తిరిగి పంపిన తేదీ, ఇంటి యజమాని సంతకం. పీటల మీద కూర్చున్నాయన చేత కూడా పెన్ను పట్టించి సంతకం పెట్టించేదాన్ని. కొందరు తిట్టారు. ఇరవై రెండేళ్ళ అలవాటు, తిడితే పోతుందా? ప్రతి చోటా వీడియో తీయించి మా బావకు పంపేదాన్ని. రెండు నీలం గీతలు పడేవి, అంతే. ఒక్క మాట అనేవాడు కాదు. ఒక్క గృహప్రవేశానికీ వచ్చేవాడు కాదు. తన తల్లి పెంచిన ఆవు కదా, కనీసం అది తిన్నదా అని అడగవచ్చు. అదీ లేదు.

అలా రెండున్నర నెలలు పరువుగానే గడిచాయి. గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా కుప్పం నుంచి పిలుపు వచ్చింది.

ఆ ఇంటాయనకు గ్రానైటు పాలిష్ చేసే షెడ్డు ఉంది. ఇల్లు మూడంతస్తులు, ఆయన ఉండబోయేది రెండో అంతస్తు. లిఫ్టు కోసం గుంత తీసి పెట్టారు, లిఫ్టు ఇంకా రాలేదు. మెట్లన్నీ నల్ల గ్రానైటు. "మొకం సూసుకోవచ్చమ్మా" అని ఆయన మాటిమాటికీ అన్నాడు, నిజంగానే చూసుకోవచ్చు. గురువారం తెల్లవారుజామున ముహూర్తం. మెట్ల మీద ఎర్ర తివాచీ పరిచారు, షామియానా వాళ్ళది. మా ఆవు పెళ్ళికూతురి మాదిరి ఆ తివాచీ మీద నడిచి రెండంతస్తులూ ఎక్కింది. ఇల్లంతా తిరిగింది, పూజ గదిలో నిలబడి "అంబా" అంది. ఇంటామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీడియో బావకు పంపాను. రెండు నీలం గీతలు.

భోజనాలయ్యాయి. షామియానా వాళ్ళు కుర్చీలు, గిన్నెలు, తివాచీ అన్నీ ఎత్తుకుని ఇంకో పెళ్ళికి పోయారు. నేను పలుపు పట్టుకుని ఆవును మెట్ల దగ్గరికి తెచ్చాను. అది ఒక కాలు కింద పెట్టింది. కాలు సర్రున జారింది. వెనక్కి తీసుకుంది. నా వైపు చూసింది, ఆడిట్ వాళ్ళు వచ్చినప్పుడు మా సూపరింటెండెంటు చూసే చూపు అది. ఇక కదల్లేదు.

లాగాను. తోశాను. అరటిపండు చూపించాను, అక్కడి నుంచే మెడ చాచి తినేసింది. ఇంతలో అయ్యవారు ఒకటిన్నర అయింది, రాహుకాలం, ఇప్పుడు దించకూడదన్నాడు. మూడింటిదాకా కూర్చున్నాము. మూడు తర్వాత మళ్ళీ లాగాము, మళ్ళీ జారింది. ఆరైంది. ఇంటామె దీపం పెట్టి వచ్చి, "దీపాలు పెట్టినాక లక్ష్మిని యాడికమ్మా తోలుకుపోయేది? పొద్దున సూద్దాం లే" అంది. కొత్తింట్లో మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ నిద్ర చేయాలి కాబట్టి బంధువులంతా హాల్లో చాపలేసుకున్నారు. వాళ్ళ మధ్య ఆవు, దూడ, నేను. మమ్మల్ని తెచ్చిన ట్రాలీ ఆటో అతను "ఫోన్ చేస్తే వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

పొద్దున లేచి చూద్దును కదా, ఆవు తనంతట తానే తలుపు దగ్గరికి పోయి నిలబడి ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. పలుపు అందుకున్నాను. ఇంటామె పరుగున వచ్చి రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అయ్యో, శుక్రవారమమ్మా! శుక్రవారం పూట ఇంట్లోని లక్ష్మిని బయటికి పంపుతారా ఎవురన్నా?"

"అమ్మా, ఇది మీ ఇంటి లక్ష్మి కాదు, నాది. అద్దెకొచ్చింది."

"వొచ్చినాక మాదే గదా?"

ఆమె భర్తను అడిగాను. ఆయన నా రిజిస్టరే తెచ్చి నాకు చూపించాడు. "తిరిగి పంపిన తేదీ కాడ ఖాళీగా ఉండాది గదమ్మా. శుక్రవారం నేను సంతకం పెట్టను." నేను గీసిన గీతలు, నా మెడకే చుట్టుకున్నాయి. ఆవు దిగుతానన్న ఒక్క పూటా మనుషులు ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఆవు మనసు మార్చుకుని పడుకుంది.

ఆ మధ్యాహ్నమే మా సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. మంచి మనిషి, భయస్థుడు. అంతకు ముందు రోజు కూడా చేశాడు, ఏదో భూమి ఫైలు కోసం. ఒక చేత్తో దూడను పట్టుకుని అది ఏ అరలో ఉందో చెప్పాను. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నీ రిటైర్‌మెంటు ఫైలు కనబడలేదు. సోమవారం సంతకం కావాల. యాడుండాది?"

"తెలియదు సార్" అన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. "నీకే తెలియదా?" అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

తెలుసు. తెలియకపోవడమేమిటి? దాన్ని దాచిపెట్టింది నేనే. సర్వీసు వివరాలు సరిచూడమని ఆ ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. సెలవు మీద పోయే ముందు రోజు అందరూ టీకి వెళ్ళినప్పుడు దాన్ని తీసుకెళ్ళి, పాత కరువు పనుల ఫైళ్ళున్న బీరువాలో ఆఖరి అరలో తోసేశాను. ఆ బీరువాను నేను చేరాక ఎవరూ తెరవలేదు. బావ దగ్గర, అత్త దగ్గర, ఆఫీసులో అందరి దగ్గరా ధైర్యంగా మాట్లాడాను. లోపల మాత్రం వణుకు. నెల మొదటి తారీఖు అంటే భయం లేకుండా బతికిన మనిషిని, ఆ నమ్మకం పోతే ఎలా బతకాలో నాకు తెలియదు. అందుకే ఒక తలుపు తీసి, ఇంకో తలుపు సందులో కాలు పెట్టి ఉంచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది.

శనివారం అయ్యవారు మళ్ళీ వచ్చాడు. ఆవు గ్రానైటులో తన ముఖం తాను చూసుకుని జడుసుకుంటోందని నిర్ణయించాడు. పట్టు ఉత్తరీయంతో దాని కళ్ళకు గంతలు కట్టాము. ఆవు పొద్దుపోయిందనుకుని అక్కడే కూర్చుని నెమరు వేసింది. తర్వాత ఇంటాయన ఇంకో ఉపాయం చెప్పాడు. దూడను కిందికి తీసుకుపోతే తల్లి దిగి రాక ఏం చేస్తుంది? దూడను చంకనేసుకుని నేను దిగాను. పైన ఆవు అంబా అంటుంది, కింద దూడ అంబా అంటుంది. వీధిలో జనం పోగయ్యారు. ఆవు కింది మెట్టు మీద కాలు పెడుతుంది, జారుతుంది, ఏడుస్తుంది. నిజంగానే ఏడ్చింది, చూశాను నేను. ఎవరి కోసం ఈ మూగజీవాన్ని ఇక్కడికి ఎక్కించాను? నా గొప్పకు కాదా? దూడను మళ్ళీ మోసుకుంటూ నలభై మెట్లు ఎక్కాను. అది తల్లి పొదుగు కింద దూరాక గానీ నాకు ఊపిరి అందలేదు.

ఆదివారానికి కుప్పం అంతా తెలిసిపోయింది. పక్క వీధి ఆడవాళ్ళు పసుపు కుంకాలతో వచ్చారు. ఒకామె తమిళంలో పాట పాడి ప్రదక్షిణ చేసింది. చెంబులు, సీసాలు పట్టుకుని గోమూత్రం కోసం వరసగా నిలబడ్డారు, ఆ వరసను నేనే సర్దాను, అదీ అలవాటే. మొదటి అంతస్తులో ముందే అద్దెకు దిగిన ఆయన మాత్రం వచ్చి, తన పడక గది పైకప్పు మీద రాత్రంతా డెక్కల చప్పుడని మొత్తుకున్నాడు. ఇంటాయన ఆయన్ని శాంతింపజేసి నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో ఏదో గొప్ప వెలుగు.

"ఒక మాట సెప్తానమ్మా. వొచ్చే నెల లిఫ్టు వొస్తాది. అంతదాకా ఆవును ఈడనే పెట్టేస్తే పోలా?"

"మరి నేను?"

"నువ్వు కూడా ఉండు. గది ఉండాది."

ఇంటామె అప్పటికే బాల్కనీలో పిడకలు చేయడం నేర్చుకుంటోంది. ఆవు ద్వారానికి కట్టిన అరటిచెట్లు రెండూ తినేసి, మూడోది ఎప్పుడని చూస్తోంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సర్కారు కుర్చీ వదిలేసి వచ్చి, ఎవరింట్లోనో ఆవుతోపాటు కాపురం ఉండే గతి పట్టింది కదా అనిపించింది.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. అప్పటిదాకా శుక్రవారమని వాళ్ళు పంపలేదని సగం నిజం చెప్పి నెట్టుకొచ్చాను.

"కుప్పంలో శుక్రవారం ఎన్ని దినాలుంటాది మే?" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. అంతా చెప్పాను. జారడం, గంతలు, దూడ, లిఫ్టు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఎక్కేటప్పుడు జారలేదా?" అని అడిగాడు. లేదన్నాను. ఊఁ అని ఫోన్ పెట్టేశాడు. షరతు గుర్తు చేయలేదు. చేసినా బాగుండేది, నేనూ రెండు మాటలు అని ఉండేదాన్ని. ఏమీ అనకుండా పెట్టేయడమే నన్ను చంపింది.

సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. అది దాటాక ఎవరూ ఏమీ ప్రయత్నించలేదు, అందరికీ ఓపిక అయిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని నల్ల గ్రానైటులో నా ముఖం చూసుకున్నాను. ఆవు భయపడిందంటే తప్పేముంది, నాకే భయమేసింది. సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటే చాలు, ఫైలు దొరకదు, గడువు దాటిపోతుంది, రేపు పొద్దున పోయి కుర్చీలో కూర్చుంటాను. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. బావ కూడా సంతోషిస్తాడు.

మధ్యాహ్నం రెండు దాటాక కింద ఆటో ఆగింది. బావ దిగాడు. ఆటో లోంచి పెద్ద గోనె చుట్ట కిందికి దొర్లించాడు. పుంగనూరు, పలమనేరు మీదుగా మూడు గంటలు బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడట. పైకి వచ్చి ఎవరినీ పలకరించలేదు. నేరుగా ఆవు దగ్గరికి పోయి దాని గంగడోలు నిమిరాడు. అది ఆయన చెయ్యి నాకింది.

"వీడియోలో ఎక్కేటప్పుడు మెట్ల మీద ఎర్రది పరిచినారు గదా. దిగేటప్పుడు అది యాడ పోయింది?" అన్నాడు.

ఇంటాయన, ఇంటామె, అయ్యవారు, మొదటి అంతస్తు ఆయన, నేను. అందరం మెట్ల వైపు చూశాము. నాలుగు రోజులు. రాహుకాలాలు చూశాము, గంతలు కట్టాము, దూడను మోశాము, లిఫ్టు దాకా పోయాము. తివాచీ పోయిందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఫైలు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పే నాకు, కళ్ళ ముందర ఏది లేదో కనబడలేదు.

"నువ్వు వీడియో చూశావా?" అన్నాను.

"పదైదుసార్లు సూసినా" అన్నాడు చుట్ట విప్పుతూ. "అన్నీ సూసినా. పుంగనూరుది కూడా. తోరణం తినేది బాగుండాది."

ఆదివారం సాయంత్రం నుంచి కూర్చుని గోతాలు ఒకదానికొకటి కుట్టి పొడుగాటి పట్టా చేశాడు. అది ఒక మెట్ల వరసకే సరిపోయింది. పరిచి, కొసలను కమ్ములకు కట్టాడు. ఆవు వాసన చూసింది. కాలు పెట్టింది. జారలేదు. ఇంకో కాలు పెట్టింది. మలుపు దగ్గర ఆగితే బావ వెనకాల పట్టా విప్పుకుని, ఆవును దాటుకుని ముందుకు పోయి కింది వరసకు పరిచేవాడు. ఆవు ఓపిగ్గా నిలబడి చూసేది. అలా నాలుగు వరసలు. ఇంటామె వెనకే హారతి పళ్ళెం పట్టుకుని ఏడుస్తూ దిగింది. అయ్యవారు ఏదో మంత్రం చదివాడు, ఆవు మేడ దిగేటప్పుడు చదివే మంత్రం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాలుగు కాళ్ళూ మట్టి మీద ఆనగానే మా ఆవు చేసిన మొదటి పని, వీధి మధ్యలో పేడ వేయడం. కుప్పం చప్పట్లు కొట్టింది.

ఇంటాయన రిజిస్టరులో సంతకం పెడుతుండగా ఫోన్ మోగింది. నా రెండు చేతులూ పలుపులో ఉన్నాయి. బావే నా సంచిలోంచి ఫోన్ తీసి, స్పీకరు పెట్టి నా ముఖం దగ్గర పట్టుకున్నాడు. సూపరింటెండెంటు.

"అమ్మా, నాలుగైంది. ఫైలు దొరకలేదు. ఐదుకు ఆఫీసరు వెళ్ళిపోతాడు. నేను ఒకటి సెప్తా విను. నువ్వేమీ మాట్లాడొద్దు. దొరకలేదని రాసేస్తా. రేపు పొద్దున వొచ్చి నీ కుర్చీలో కూసో. నీ మీద మాట రాదు. ఊరికే ఉండు, సాలు."

ఎంత దయగా చెప్పాడో! ఊరికే ఉంటే చాలు. బావ ఫోన్ పట్టుకుని ఆవు వైపు చూస్తున్నాడు, నా వైపు చూడటం లేదు. ఆయన చేతివేళ్ళకు సూది గుచ్చుకున్న గాట్లు ఉన్నాయి. దారం రంగు ఇంకా గోళ్ళలో ఉంది.

"సార్" అన్నాను. "పాత కరువు పనుల బీరువా. ఆఖరి అర. అన్నిటికంటే వెనక, నీలం అట్ట. కొత్త తాడు కట్టినాను, లాగితే వస్తుంది."

"ఆడ ఎవురు పెట్టినారమ్మా?"

"నేనే సార్. భయమేసి దాచినాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ వేస్తాంది సార్. త్వరగా పోండి, ఐదవుతాంది."

ఫోన్ పెట్టేశాడు. బావ దాన్ని మళ్ళీ నా సంచిలో వేశాడు. ఇల్లు నడిచే జీతం ఆయన చేతిలోని ఫోన్లోంచే పోయింది. నేనే పోగొట్టాను. తిడతాడని చూశాను, తిట్టమనే చూశాను. ఇంటాయన పిలిపించిన ట్రాలీ ఆటోలోకి దూడను ఎక్కించాడు, ఆవును ఎక్కించాడు. తర్వాత వీధిలో గొంతుక్కూర్చుని గోనెపట్టాను చుట్టడం మొదలుపెట్టాడు.

"బావా, ఏమన్నా అను."

పట్టా కొసను ఎత్తి నా ముందర పెట్టి, జేబులోంచి గోతాం సూది తీశాడు.

"ఈ పక్క ఇంకో మూర కలపాల మే. వెడల్పు మెట్లుండే ఇల్లు తగిలితే ఇది సాలదు."